అర్దళం నుంచి సిలికోన్ దాకా: ఉత్తరాంధ్ర నేపథ్యంలో తెలుగు ఆహార్య ద్రవ్యాల చరిత్ర

వ్యాససంగ్రహం

తెలుగు నాటకచరిత్ర రచన ప్రధానంగా కవులను, నటులను, సమాజాలను ఆధారం చేసుకొని సాగింది. నటుడి ముఖం మీదికి చేరిన ద్రవ్యాలకు ఆ చరిత్రలో దక్కిన చోటు చాలా తక్కువ. అర్దళం, సఫేదా, కృత్రిమ కేశాలు, రబ్బరుపాలు, సిలికోన్ అనే క్రమంలో తెలుగు ఆహార్యం ఎలా మారిందో, ఆ మార్పులకు కారణాలేమిటో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. విశాఖపట్నం, దాని చుట్టూ ఉన్న ఉత్తరాంధ్ర రంగస్థల సంప్రదాయం ఈ పరిశీలనకు నేపథ్యం. వెలుగు మారినప్పుడల్లా వేషం మారిందనీ, ప్రతి మార్పులోనూ నటుడి చర్మం కొంత మూల్యం చెల్లించిందనీ, వేషం వేసిన చేతుల పేర్లు మాత్రం చాలావరకు నమోదు కాలేదనీ నిరూపించడం ఈ వ్యాసం లక్ష్యం.

కీలకపదాలు: ఆహార్యం, అంగరచన, పుస్తం, అర్దళం, సిలికోన్, తూర్పు భాగోతం, విశాఖపట్నం, తెలుగు సినిమా.

1. ఉపోద్ఘాతం

అభినయాన్ని ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం అని నాలుగుగా విభజించడం భరతుని నాటి నుంచి ఉన్నదే. వీటిలో వాచికంపై తెలుగులో వచ్చిన పరిశోధన విస్తారం. నాటక పద్యాలు, సంభాషణలు, రాగాలు, మాండలికాలు అన్నీ చర్చకు వచ్చాయి. ఆహార్యం దగ్గరికి వచ్చేసరికి కిరీటాలు, భుజకీర్తులు, చీరకట్టు వంటి వర్ణనతోనే చాలా అధ్యయనాలు ఆగిపోతాయి. ముఖానికి ఏ పదార్థం పూశారు, అది ఎక్కడి నుంచి వచ్చింది, చర్మాన్ని ఏం చేసింది, ఎందుకు మానేశారు అనే ప్రశ్నలు అరుదుగా వినిపిస్తాయి.

నేడు సినిమాల్లో వినిపించే ‘ప్రోస్థటిక్ మేకప్’ అనే మాట ఈ ప్రశ్నలను మళ్ళీ ముందుకు తెచ్చింది. నటుడి ముఖంపై సిలికోన్‌తో చేసిన కృత్రిమ చర్మాన్ని అతికించి వయసును, రూపాన్ని, జాతిని మార్చే ఈ పద్ధతిని పూర్తిగా విదేశీ విద్యగా భావించడం పరిపాటి. ద్రవ్యం విదేశీయమే. కాని ముఖం మీద మరో ముఖాన్ని నిర్మించాలన్న ఆలోచన తెలుగువారికి కొత్తది కాదు. ఆ పాత ఆలోచన, ఈ కొత్త ద్రవ్యం ఎక్కడ కలుస్తాయో, ఎక్కడ విడిపోతాయో తెలుసుకోవడానికి ద్రవ్యచరిత్రే మార్గం.

విశాఖపట్నాన్ని నేపథ్యంగా తీసుకోవడానికి రెండు కారణాలున్నాయి. మొదటిది, తూర్పు భాగోతం నుంచి ‘కన్యాశుల్కం’ దాకా, ఆంధ్ర విశ్వవిద్యాలయ నాటకరంగం దాకా భిన్న దశల రంగస్థల సంప్రదాయం ఈ ప్రాంతంలో ఒకదాని పక్కన మరొకటి కనిపిస్తుంది. రెండవది, ఇది ద్రవ్యాల నగరం. మధ్యపరగణాల మాంగనీసు ఎగుమతిని ప్రధానంగా దృష్టిలో ఉంచుకొని నిర్మించిన రేవు 1933లో ప్రారంభమైంది. 1941లో నౌకానిర్మాణ కేంద్రం, 1977లో జింకు కర్మాగారం, ఆ తరువాత ఉక్కు కర్మాగారం వచ్చాయి. 1992లో జాతికి అంకితమైన ఆ ఉక్కు కర్మాగారమే నగరానికి ఉక్కునగరమన్న పేరు తెచ్చింది. అచ్చు పోయడం, పూత వేయడం, లోహాన్ని కరిగించడం దైనందిన జీవనంలో భాగమైన చోట వేషద్రవ్యాల చరిత్రను చదవడం సముచితం.

2. శాస్త్రంలో ఆహార్యం

నాట్యశాస్త్రంలోని ఆహార్యాభినయాధ్యాయం నేపథ్య విధిని పుస్తం, అలంకారం, అంగరచన, సంజీవం అని నాలుగు విధాలుగా చెబుతుంది. అలంకారం అంటే మాలలు, ఆభరణాలు, వస్త్రాలు. అంగరచన అంటే శరీరానికి, ముఖానికి రంగులు వేయడం. సంజీవం అంటే రంగస్థలం మీదికి ప్రాణులను తీసుకురావడం. పుస్తం అంటే కృత్రిమంగా నిర్మించిన రూపాలు. చాప, బట్ట, తోలు వంటివాటిని కూర్చి చేసేది సంధిమం. యంత్రంతో కదిలేది వ్యాజిమం. చుట్టి కట్టి చేసేది వేష్టిమం.

ఇందులో గమనించవలసిన విషయం ఒకటుంది. భరతుడు రంగు పూయడాన్ని, రూపం నిర్మించడాన్ని వేరువేరు విద్యలుగా చెప్పాడు. అంగరచన ముఖం ఉపరితలానికి సంబంధించినది. పుస్తం రంగస్థలంపై పర్వతాలకు, విమానాలకు, ఆయుధాలకు సంబంధించినది. ఈ రెండింటికీ మధ్య ప్రతిశీర్షాలు నిలుస్తాయి. బిల్వపు జిగురు పట్టించిన బట్టతో తలకు సరిపడే ఆధారాన్ని తయారుచేసుకొనే విధానం అక్కడ కనిపిస్తుంది. నిర్మాణవిద్య నటుడి తల మీదికి ఎక్కిన తొలి సందర్భం అదే. నేటి సిలికోన్ వేషం ఈ రెండు విద్యలనూ పూర్తిగా కలిపేసింది. అది ఒకేసారి అంగరచన, పుస్తం కూడా. అందువల్ల దానికి తెలుగులో పేరు పెట్టవలసి వస్తే ‘కృత్రిమాంగం’ అనడం కంటే ‘పుస్తరచన’ అనడం శాస్త్రానికి దగ్గరగా ఉంటుంది.

3. దివిటీ వెలుగులో ముఖం

తెలుగు వీధినాటక, యక్షగాన సంప్రదాయాల్లో ముఖవర్ణానికి ప్రధాన ద్రవ్యం అర్దళం. సంస్కృతంలో దీన్నే హరితాళం అంటారు. ఇది బంగారు పసుపు రంగులో ఉండే ఖనిజం. దీన్ని మెత్తగా నూరి ముఖానికి పట్టిస్తే దివిటీ వెలుగులో చర్మం పసిడిఛాయతో మెరిసేది. ఎరుపుకు ఇంగిలీకం, జేగురు, తెలుపుకు సుద్ద, సఫేదా, నలుపుకు కాటుక, మసి వాడుకలో ఉండేవి. పొలాల్లో, ఊరి నడిబొడ్డున రాత్రంతా సాగే ప్రదర్శనకు వెలుగు తక్కువ. చూసేవారు దూరంగా కూర్చునేవారు. ముఖకవళికలు అంత దూరం చేరాలంటే రంగు గాఢంగా ఉండాలి, కనుబొమల రేఖలు పెద్దవిగా ఉండాలి. వేషంలోని అతిశయానికి ఈ వెలుగే కారణం. దాన్ని మొరటుదనంగా భావించడం పొరపాటు.

ఉత్తరాంధ్రలో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల్లో ప్రచారంలో ఉన్న తూర్పు భాగోతం ఇందుకు చక్కని నిదర్శనం. భామాకలాపమే దీనికి ఆయువుపట్టు. పురుషుడు సత్యభామగా రంగప్రవేశం చేసే ఈ ప్రక్రియలో ఆహార్యం బాధ్యత చాలా పెద్దది. మద్దెల ఉధృతికి తగ్గట్టు రాత్రంతా ఆడే నటుడికి పట్టే చెమటను తట్టుకొని రంగు నిలవాలి. పగటివేషాల సంప్రదాయంలో ఇది మరో రూపం తీసుకుంది. అర్ధనారీశ్వర వేషంలో ముఖాన్ని నిలువునా రెండు భాగాలు చేసి ఒకవైపు స్త్రీ, మరోవైపు పురుషుడు కనిపించేలా రంగులు దిద్దుతారు. పట్టపగలు, చేతికందేంత దూరంలో ప్రేక్షకులున్నప్పుడు ఆ గీత ఏ మాత్రం చెదరకూడదు. దసరా రోజుల పులివేషంలో ఒళ్ళంతా నూనెరంగులు పూస్తారు. ఆ రంగు ఆరేదాకా కదలకుండా నిలబడడం, ఆట ముగిశాక దాన్ని వదిలించుకోవడం వేషం వేయడమంత కష్టమైన పనులు.

ఈ రంగుల వెనుక రసాయనశాస్త్రం కఠోరంగా ఉంటుంది. అర్దళం ఆర్సెనిక్, గంధకాల సమ్మేళనం. ఇంగిలీకం పాదరసం, గంధకాల సమ్మేళనం. పాతరోజుల సఫేదా సీసంతో చేసినది. ఈ మూడూ విషపూరిత ధాతువులే. ఏడాదికి ఒకటి రెండుసార్లు వేషం కట్టే వ్యక్తికి, అదే బతుకుతెరువుగా రాత్రి వెంట రాత్రి వేషం కట్టే కళాకారుడికి వాటి ప్రభావం ఒకేలా ఉండదు. నటుల త్యాగాలను వర్ణించేటప్పుడు ఆస్తులు కరిగిన సంగతి, కుటుంబాలు చితికిన సంగతి ప్రస్తావనకు వస్తాయి. చర్మం మీద జరిగిన ఈ నిశ్శబ్దమైన నష్టం కూడా ఆ లెక్కలో చేరవలసినదే.

4. ఆధునిక నాటకం: అతుకుల దశ

1885లో కడప ప్రాంతంలోని సురభి గ్రామంలో వనారస గోవిందరావు ‘కీచకవధ’ ప్రదర్శనతో నెలకొల్పిన సురభి సమాజం, అదే కాలంలో బళ్ళారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యుల కృషి తెలుగు నాటకాన్ని తెరల మధ్యకు తెచ్చాయి. పైకప్పు, తెర, దీపాల వరుస ఏర్పడ్డాక ప్రేక్షకుడు నటుడికి ఎదురుగా ఒక నిర్ణీత దూరంలో స్థిరపడ్డాడు. ఐరోపాలో 1873లో లుడ్విగ్ లైఖ్నర్ బెర్లిన్‌లో కొవ్వు కలిపిన రంగుకడ్డీలను మార్కెట్లోకి తెచ్చాడు. ఇలాంటి జిడ్డురంగులు, జింకు పొడి, మీసాలు గడ్డాలు అతికించే స్పిరిట్ గమ్ క్రమంగా భారతీయ నాటక సమాజాల పెట్టెల్లోకి చేరాయి. సీసపు తెలుపు స్థానంలో జింకు తెలుపు రావడం నటుడి ఆరోగ్యం దృష్ట్యా పెద్ద మేలు.

ఉత్తరాంధ్రలో ఈ మలుపుకు గుర్తు ‘కన్యాశుల్కం’. విశాఖపట్నం జిల్లా రాయవరంలో పుట్టిన గురజాడ అప్పారావు రచించిన ఈ నాటకం 1892లో విజయనగరంలో తొలిసారి ప్రదర్శితమై, 1897లో అచ్చయింది, 1909లో సమూలంగా మారి వెలువడింది. పాత్రలు దేవతలు, రాజులు కారు. లుబ్ధావధాన్లు, అగ్నిహోత్రావధాన్లు, గిరీశం, మధురవాణి వంటివారు ప్రేక్షకుడి వీధిలో తిరిగే మనుషులు. వారికి అర్దళం పూస్తే నాటకం చెడిపోతుంది. ముసలివాడు ముసలివాడిలాగే కనిపించాలి, కాని వేషం వేసినట్లు కనిపించకూడదు. పైగా ఈ నాటకంలో వేషమే కథకు ఇరుసు. స్వయంగా నటుడైన కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడపిల్ల వేషం వేసి లుబ్ధావధాన్లకు పెళ్ళికూతురుగా అంటగడతాడు. ఆ వేషం లుబ్ధావధాన్లను నమ్మించాలి, ప్రేక్షకుడికి మాత్రం తెలుస్తూ ఉండాలి. వేషం దాచవలసినదెంత, తెలపవలసినదెంత అన్న సూక్ష్మమైన ప్రశ్న తెలుగు ఆహార్యానికి ఇంత స్పష్టంగా ఎదురుకావడం ఈ నాటకంతోనే అనవచ్చు.

స్త్రీపాత్రల నిర్వహణలో స్థానం నరసింహారావు సాధించిన ప్రావీణ్యం ఈ దశకు శిఖరం. 1956లో పద్మశ్రీ అందుకున్న ఆయన ‘నటస్థానం’ పేరుతో తన అనుభవాలను గ్రంథస్థం చేశారు. నటుడు తన వేషాన్ని తానే ఒక విద్యగా సాధన చేసిన కాలమది. మరోవైపు బళ్ళారి రాఘవ స్త్రీపాత్రలను స్త్రీలే ధరించాలని పట్టుబట్టారు. ఆహార్యంతో ఎంతవరకు మార్చవచ్చు, ఎక్కడ మార్చకూడదు అనే వివాదం అప్పుడే మొదలైంది. ఆ వివాదం సిలికోన్ యుగంలో కూడా ముగియలేదు.

విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో ఏర్పడింది. రిజిస్ట్రారుగా పనిచేసిన కూర్మా వేణుగోపాలస్వామి ప్రోత్సాహంతో అక్కడ ప్రయోగాత్మక నాటకరంగం రూపుదిద్దుకొంది. విశ్వవిద్యాలయం నాటకాన్ని పాఠ్యాంశంగా గుర్తించడంతో దీపాలు, రంగాలంకరణ, ఆహార్యం కూడా నేర్పవలసిన విద్యలుగా గౌరవం పొందాయి. పరిషత్తు పోటీల్లో మాత్రం పరిస్థితి వేరు. ఒక నాటిక ముగిసి మరొకటి మొదలయ్యే కొద్దిసేపట్లో అరడజను ముఖాలు సిద్ధం చేయవలసిన రూపశిల్పికి వేగమే ప్రధానమైన నైపుణ్యం.

5. వెండితెర, రబ్బరు

సినిమా ఆహార్యాన్ని రెండు విధాల మార్చింది. మొదటిది, కెమెరా ముఖానికి అతి సమీపంగా వచ్చింది. రెండవది, ఫిల్ముకు తనదైన వర్ణదృష్టి ఉంది. తొలినాటి ఫిల్ము ఎరుపును గ్రహించలేక నలుపుగా చూపేది. అన్ని రంగులనూ గ్రహించే ఫిల్ము వచ్చాక, రంగుల చిత్రాలు వచ్చాక పూతలు మారుతూ వచ్చాయి. తెలుగులో తొలి పూర్తి నిడివి రంగుల చిత్రమైన ‘లవకుశ’ 1963లో విడుదలైంది. శ్రీరాముడి నీలిఛాయ అంతవరకు ప్రేక్షకుడి ఊహకు వదిలినది. ఇక మీదట అది రూపశిల్పి నిర్ణయించవలసిన వర్ణం.

పౌరాణిక చిత్రాల్లో నందమూరి తారక రామారావు వేషధారణ తెలుగువారి కళ్ళలో నిలిచిపోయింది. ఆయనకు, తమిళంలో ఎం.జి. రామచంద్రన్‌కు రూపశిల్పిగా పనిచేసిన పీతాంబరం పేరు మాత్రం సినిమా అభిమానులకే పరిమితమైంది. 1977 నాటి ‘దానవీరశూరకర్ణ’లో ఒకే నటుడు కృష్ణుడిగా, దుర్యోధనుడిగా, కర్ణుడిగా కనిపించి ముగ్గురూ వేరన్న భావన కలిగించాడంటే అందులో అభినయంతో పాటు కిరీటం, మీసకట్టు, బొట్టు, ముఖవర్ణాల పాత్ర కూడా ఉంది. ముఖం ఆకృతిని మార్చకుండా, గుర్తులను మాత్రమే మార్చి సాధించిన భేదమది. 1980 నాటి ‘పున్నమినాగు’లో చిరంజీవి పాత్ర చర్మం పొరలుగా ఊడివచ్చే దృశ్యం దీనికి భిన్నమైన దారి. అక్కడ వేషం గుర్తుగా కాక శరీరంగా కనిపించాలి.

పాశ్చాత్య చిత్రాల్లో ఇలాంటి శరీరనిర్మాణానికి రబ్బరుపాలను నురుగుగా గిలక్కొట్టి, అచ్చులో పోసి, పొయ్యిలో కాల్చి చేసే ఫోమ్ లేటెక్స్ దశాబ్దాల పాటు ఆధారమైంది. 1968 నాటి ‘ప్లానెట్ ఆఫ్ ది ఏప్స్’ చిత్రానికి వానరముఖాలు రూపొందించిన జాన్ చాంబర్స్ అంతకుముందు యుద్ధంలో గాయపడిన సైనికులకు కృత్రిమ అవయవాలు తయారుచేసినవాడు. మొదటి ప్రపంచయుద్ధకాలంలో ముఖాలు ఛిద్రమైన సైనికుల కోసం పారిస్‌లో అన్నా కోల్‌మన్ లాడ్ అనే శిల్పకారిణి పలుచని రాగి ముసుగులు చేసి రంగులు అద్దింది. వైద్యానికి, వేషానికి మధ్య రాకపోకలు ఎంత పాతవో ఈ రెండు ఉదాహరణలు చెబుతాయి. ఫోమ్ లేటెక్స్ తేలిక, చెమటను కొంత పీల్చుకుంటుంది. కాని దాని గుండా వెలుగు ప్రసరించదు. డిజిటల్ కెమెరా స్పష్టత పెరిగేకొద్దీ ఆ జీవం లేని మందం బయటపడసాగింది.

6. సిలికోన్ పుట్టుక

సిలికాన్, సిలికోన్ అనే రెండు మాటలను తెలుగు పత్రికలు తరచుగా ఒకటిగా వాడుతున్నాయి. సిలికాన్ మూలకం. ఇసుకలో, స్ఫటికశిలలో ఆక్సిజన్‌తో కలిసి ఉంటుంది. ఉక్కు తయారీలో కరిగిన లోహం నుంచి ఆక్సిజన్‌ను తొలగించడానికి ఫెర్రోసిలికాన్ రూపంలో దీన్నే వాడతారు. సిలికోన్ అలా కాదు. సిలికాన్, ఆక్సిజన్ పరమాణువులు ఒకటి విడిచి ఒకటి గొలుసుగా ఏర్పడి, వాటికి కర్బన సమూహాలు అతుక్కొని ఉండే కృత్రిమ పదార్థమది. గొలుసు పొడవును బట్టి నూనెగా, జిగురుగా, రబ్బరుగా మారుతుంది.

ఈ పేరు పెట్టినవాడు ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో పనిచేసిన ఫ్రెడరిక్ కిప్పింగ్. దశాబ్దాల పరిశోధన తరువాత 1937లో ఇచ్చిన ప్రసంగంలో ఈ శాఖ నుంచి తక్షణ ప్రయోజనం కలుగుతుందన్న ఆశ లేదనే అర్థంలో ఆయన మాట్లాడాడు. మూడేళ్ళకే, 1940లో, అమెరికాలో యూజీన్ రోకో సిలికాన్‌ను మిథైల్ క్లోరైడుతో నేరుగా చర్య జరిపించే పద్ధతి కనుగొన్నాడు. 1943లో డౌ కార్నింగ్ సంస్థ ఏర్పడింది. యుద్ధవిమానాల్లో తేమను అడ్డుకొనే పదార్థంగా సిలికోన్ తొలి ఉపయోగం పొందింది. 1960 ప్రాంతంలో అది ముఖ అవయవాల కృత్రిమ నిర్మాణానికి వైద్యంలో ప్రవేశించింది. సినిమా రూపశిల్పులు దాన్ని చర్మంపై అతికించగలిగేంత మెత్తని పదార్థంగా మలచడానికి మరో మూడు దశాబ్దాలు పట్టింది. ఈ దిశలో చేసిన కృషికి గ్రెగ్ కానమ్, వెస్లీ వోఫర్డ్ అనే ఇద్దరికి 2005లో అమెరికా చలనచిత్ర అకాడమీ సాంకేతిక పురస్కారం ఇచ్చింది.

7. తయారీ విధానం, తీరప్రాంత వాతావరణం

సిలికోన్ వేషం అచ్చువిద్యపై ఆధారపడింది. ముందుగా నటుడి ముఖానికి ఆల్జినేట్ పట్టిస్తారు. ఇది సముద్రపు నాచు నుంచి తీసిన పదార్థం. పళ్ళ అచ్చులు తీయడానికి దంతవైద్యులు వాడేది ఇదే. ముక్కురంధ్రాలు తెరిచి ఉంచి, పైన ప్లాస్టర్ కట్లు వేసి, గట్టిపడ్డాక తీసి, అందులో ప్లాస్టర్ పోస్తే నటుడి ముఖప్రతిమ వస్తుంది. ఆల్జినేట్ నీరు ఆరి కుంచించుకుపోతుంది కనుక ఆలస్యం పనికిరాదు. ఆ ప్రతిమపై నూనెమట్టితో ముడతలు, ముక్కు, గడ్డం తీర్చిదిద్ది, దానికి మరో అచ్చు తీసి, మట్టిని తొలగిస్తారు. రెండు అచ్చుల మధ్య మిగిలిన ఖాళీలో సిలికోన్ నింపుతారు. విశాఖ తీరంలోని మత్స్యకారులు వాడే ఫైబరు పడవలూ అచ్చుల మీదనే రూపుకడతాయి. వెలుపలి రూపాన్ని ముందు తయారుచేసి, దాని ఖాళీలో వస్తువును పుట్టించడం రెండింటికీ ఉమ్మడి సూత్రం.

చర్మంపై వాడే సిలికోన్ సాధారణంగా ప్లాటినం ఉత్ప్రేరకంతో గట్టిపడే రకం. రెండు ద్రవాలను కలిపి, మృదుత్వం కోసం సిలికోన్ నూనె చేర్చి, లోపలే చర్మవర్ణాన్ని కలుపుతారు. జిగటగా ఉండే ఆ ముద్దకు బయట పలుచని ప్లాస్టిక్ పొర ఉంటుంది. ఆ పొర అంచు నటుడి చర్మంపై ద్రావకంతో కరిగి కలిసిపోతుంది. దీంతో అతుకు కనిపించదు. రంగు పైన కాక లోపల ఉండడం, వెలుగు కొంతదూరం లోపలికి ప్రసరించడం సిలికోన్ ప్రత్యేకత. అర్దళం వెలుగును తిప్పికొట్టి మెరిసేది. సిలికోన్ వెలుగును మానవ చర్మంలాగే కొంత తనలో దాచుకుంటుంది. వెయ్యేళ్ళ పూతల చరిత్రలో ఇది మౌలికమైన మార్పు.

ఈ పదార్థానికి తనదైన చాదస్తం కూడా ఉంది. గంధకం కలిసిన మట్టి తగిలినా, రబ్బరుపాల చేతితొడుగులు తగిలినా ప్లాటినం సిలికోన్ గట్టిపడదు. వేడి పెరిగితే త్వరగా బిగుస్తుంది. కనుక విశాఖ వంటి చోట మండువేసవిలో పని చేయడానికి దొరికే వ్యవధి తగ్గిపోతుంది. తగరం ఉత్ప్రేరకంగా ఉన్న మరో రకం గాలిలోని తేమతో గట్టిపడుతుంది. దాన్ని అచ్చులకే పరిమితం చేయాలి తప్ప చర్మానికి వాడరాదు. సిలికోన్ చెమటను పీల్చుకోదు. సముద్రపు ఉక్కలో పొర కింద చేరిన చెమట అంచులను లేపేస్తుంది. తీసేటప్పుడు అంచులు చిరిగిపోతాయి కాబట్టి సాధారణంగా ఒక్కో చిత్రీకరణ దినానికి ఒక్కో కొత్త పొర కావాలి. ఖర్చు పెరగడానికి ఇది ముఖ్య కారణం.

ఖర్చు భరించలేని చిన్న బృందాలకు ఇక్కడే ప్రమాదం పొంచి ఉంది. స్నానపుగదుల, అద్దాల అంచులకు పూసే సీలంట్ కూడా సిలికోనే. దుకాణంలో చవకగా దొరుకుతుంది. కాని అందులో ఎక్కువ రకాలు గట్టిపడేటప్పుడు ఎసిటిక్ ఆమ్లాన్ని విడుదల చేస్తాయి. ఆ పుల్లని వాసనే దానికి గుర్తు. దాన్ని ముఖానికి పూయడం చర్మానికి హాని. పేరు ఒకటైనంత మాత్రాన గుణం ఒకటి కాదు. ఒకనాడు అర్దళం విషయంలో లేని అవగాహన నేడు సిలికోన్ విషయంలోనైనా ఉండాలంటే ఈ భేదాలు తెలుగులో రాసి, తెలుగులో బోధించాలి.

8. తెలుగు తెరపై కొత్త చర్మం

దక్షిణాది ప్రేక్షకులకు ఈ తరహా వేషాన్ని పరిచయం చేసినవి కమల్‌హాసన్ చిత్రాలు. 1996లో తెలుగులోనూ వచ్చిన ‘భారతీయుడు’, ‘భామనే సత్యభామనే’ చిత్రాల్లో వృద్ధ స్వాతంత్ర్యయోధుడి ముఖం, ప్రౌఢ స్త్రీ ముఖం ప్రోస్థటిక్ పద్ధతిలో రూపొందాయి. హాలీవుడ్ రూపశిల్పి మైకేల్ వెస్ట్‌మోర్ వీటికి పనిచేశాడు. 2008 నాటి ‘దశావతారం’లో ఒకే నటుడు పది పాత్రలు ధరించాడు. వాటిలో తెలుగు అధికారి బలరాం నాయుడు పాత్ర ఇక్కడ బాగా ఆదరణ పొందింది. కొన్ని పాత్రల్లో ముఖం బిగుసుకుపోయినట్లుందన్న విమర్శ కూడా అప్పుడే వినిపించింది. ‘దానవీరశూరకర్ణ’తో పోల్చితే భేదం స్పష్టం. అక్కడ ఒకే ముఖం మూడు పాత్రలుగా గుర్తింపు పొందింది. ఇక్కడ ఆ ముఖాన్ని గుర్తుపట్టలేకపోవడమే విజయంగా లెక్కకు వచ్చింది.

2009 నాటి హిందీ చిత్రం ‘పా’లో అమితాబ్ బచ్చన్ బాలుడి పాత్రకు చేసిన ఆహార్యానికి క్రిస్టియన్ టిన్‌స్లీ, డొమినీ టిల్ జాతీయ పురస్కారం పొందారు. 2015లో ‘ఐ’ చిత్రానికి న్యూజిలాండ్‌కు చెందిన వెటా వర్క్‌షాప్ పనిచేసింది. ఈ వరుసలో పెద్ద పేర్లన్నీ విదేశీయులవే. ఈ దృష్టితో చూస్తే 2018 నాటి తెలుగు చిత్రం ‘అ!’కు ప్రాధాన్యం ఉంది. ప్రశాంత్ వర్మ దర్శకత్వంలో వచ్చిన ఈ చిత్రానికి 66వ జాతీయ చలనచిత్ర పురస్కారాల్లో రంజిత్ ఉత్తమ రూపశిల్పిగా ఎంపికయ్యారు. భారీ బడ్జెటు లేని తెలుగు చిత్రంలో, ఇక్కడి రూపశిల్పి చేసిన పనికి దక్కిన గుర్తింపు అది. 2024 నాటి ‘కల్కి 2898 ఏడీ’లో అశ్వత్థామగా కనిపించిన అమితాబ్ ముఖం, నుదుటి గాయం ఈ విద్య తెలుగు పౌరాణిక కల్పనతో మళ్ళీ చేయి కలిపిందని చూపాయి.

9. ముఖం, గాయం, బాధ్యత

సిలికోన్ సాధించే వాస్తవికతతో పాటు ఒక నైతిక ప్రశ్న వస్తుంది. గాయం, కాలిన చర్మం, వైకల్యం తెరపై ఎంత నిజంగా కనిపిస్తే వాటి అర్థానికి రచయిత, దర్శకుడు అంత బాధ్యత వహించాలి. ముఖం చెడిన మనిషిని దుర్మార్గుడిగానో, శిక్ష పొందినవాడిగానో చూపే కథలు కొత్తవి కావు. ఒకప్పుడు ముతక రంగుల వల్ల అది కల్పన అని ప్రేక్షకుడికి తెలిసేది. ఇప్పుడా ఎడం చెరిగిపోయింది. కొలిమి, క్రేను, వెల్డింగు మంట నిత్యజీవితంలో భాగమైన ఉక్కునగరంలో కాలిన గాయం ఒక వేషం కాదు, పనిచేసే మనిషి దేహం మీది వాస్తవం. అలాంటి ప్రేక్షకుడు తెరపై తన ముఖాన్ని భయానకంగా చూడవలసి రావడం తేలికైన విషయం కాదు.

అదే సిలికోన్ పోగొట్టుకున్న వేలికి, చెవికి, ముక్కుకు ప్రత్యామ్నాయంగా మనిషికి ఆత్మవిశ్వాసం ఇస్తుంది. వైద్యశిల్పి, రూపశిల్పి వాడే అచ్చు, వర్ణం, జిగురు దాదాపు ఒకటే. ప్రయోజనం వేరు. ఒకరు లోపాన్ని కనబడకుండా చేస్తారు, మరొకరు లేని లోపాన్ని కనబడేలా చేస్తారు. 2018లో వైద్య పరికరాల తయారీకి మెడ్‌టెక్ జోన్ ప్రారంభమైన నగరం, నాటకాన్ని బోధించే విశ్వవిద్యాలయం ఉన్న నగరం ఒకటే కావడం గమనార్హం. ఈ రెండు విద్యల మధ్య సంభాషణకు విశాఖ కంటే తగిన చోటు ఆంధ్రప్రదేశ్‌లో మరొకటి కనిపించదు.

10. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన ప్రధానాంశాలు ఇవి.

• తెలుగు ఆహార్య ద్రవ్యాల చరిత్రను పూత, అతుకు, పొర అనే మూడు దశలుగా గుర్తించవచ్చు. అర్దళం మొదటి దశకు, కృత్రిమ కేశాలు, రబ్బరు రెండవ దశకు, సిలికోన్ మూడవ దశకు ప్రతినిధులు.

• ఈ మార్పులకు అభిరుచి మాత్రమే కారణం కాదు. దివిటీ, విద్యుద్దీపం, ఫిల్ము, డిజిటల్ కెమెరా అనే వెలుగుల క్రమమే ద్రవ్యాల క్రమాన్ని నిర్ణయించింది.

• నాట్యశాస్త్రంలో వేరుగా ఉన్న పుస్తం, అంగరచన సిలికోన్ వేషంలో ఏకమయ్యాయి. శాస్త్ర పరిభాషతో ఈ కొత్త విద్యను వివరించడం సాధ్యమే, అవసరం కూడా.

• ఆర్సెనిక్, సీసం, పాదరసం నుంచి జింకుకు, అక్కడి నుంచి సిలికోన్‌కు సాగిన మార్పు నటుడి చర్మానికి మేలు చేసింది. అయితే అవగాహన లేని వాడకం, చవక ప్రత్యామ్నాయాలు ఆ మేలును తిరగరాయగలవు.

• స్థానం నరసింహారావు వలె తన వేషవిద్యను రాసి ఉంచినవారు కొద్దిమందే. తూర్పు భాగోత బృందాల్లో, పరిషత్తు నాటకాల్లో, సినిమాల్లో పనిచేసిన రూపశిల్పుల అనుభవాలను మౌఖిక చరిత్రగా సేకరించడం తక్షణ కర్తవ్యం.

సిలికోన్ పొరను చిత్రీకరణ ముగిశాక చెత్తబుట్టలో పడేస్తారు. అర్దళం కడిగితే పోతుంది. ఆహార్యం సహజంగానే తన ఆనవాళ్ళను తానే చెరిపేసుకొనే కళ. మిగిలేది దాన్ని చేసిన మనిషి జ్ఞాపకం ఒక్కటే. ఆ మనిషి ఉండగానే దాన్ని రాసి పెట్టుకోవడం పరిశోధకుల పని.